సైకిల్ లేన్‌లో ఆగిన ఒక్క కారు

(హైదరాబాద్‌లో ఒక కాలనీ సంఘం ఏర్పాటు చేసిన సభలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం పనులు పక్కనపెట్టి వచ్చారు, పిల్లల్ని కూడా తీసుకొచ్చారు. సంతోషం. వెనక వరసలో వినిపిస్తోందా అండీ? వినిపిస్తోంది కదా. సరే.

ఇవాళ నేను మాట్లాడేది ఒక్క విషయం. సైకిల్ కోసమని గీత గీసి, రంగు వేసి, సైకిల్ బొమ్మ కూడా వేసిన దారిలో కారు ఆపడం. కారు ఒక్కటే అనను. ఆటో, డెలివరీ వ్యాను, వాటర్ ట్యాంకరు, బైకులు, అన్నీ. దీనికోసం ఒక సభ పెట్టాలా అని కొందరు సంఘం వాళ్లను అడిగారట. పెట్టాలండీ. నేను చాలాకాలం రోడ్ల డిజైన్ పనిలో ఉన్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను. గుంతల గురించి సభలు పెడతాం, వీధి దీపాల గురించి పెడతాం. గుంత పడితే అందరి బండీ ఎగురుతుంది, అందరికీ కోపం వస్తుంది. సైకిల్ లేన్‌లో కారు ఆగితే ఆ బాధ సైకిల్ తొక్కేవాడికి ఒక్కడికే తెలుస్తుంది. ఆ మనిషి ఇలాంటి సభలకు రాలేడు, ఈ టైముకి డ్యూటీలో ఉంటాడు. అందుకని మనం మాట్లాడాలి.

ముందు రోడ్డు మీద లెక్క చూద్దాం. మన దగ్గర గీసే సైకిల్ లేన్ వెడల్పు మామూలుగా 1.5 మీటర్లు, మహా అయితే 2 మీటర్లు. ఒక మామూలు కారు వెడల్పు 1.7 మీటర్లు. అంటే కారు ఆగిందంటే లేన్ నిండిపోయింది, పక్కన సందు మిగల్లేదు. సైకిల్ తొక్కే మనిషి ఏం చెయ్యాలి? హ్యాండిల్ కుడివైపుకి తిప్పాలి. ఎంత తిప్పాలి? కారుని ఒరుసుకుంటూ పోవడానికి లేదు. లోపల ఎవరైనా కూర్చుని ఉంటే ఎప్పుడు తలుపు తీస్తారో తెలీదు. తలుపు పూర్తిగా తెరిస్తే దాదాపు ఇంకో మీటరు. కారు 1.7, తలుపు 1, ఆపైన సైకిల్ హ్యాండిల్ వెడల్పు. అంటే ఫుట్‌పాత్ అంచు నుంచి 3 మీటర్లకు పైగా బయటికి రావాలి. 3 మీటర్ల అవతల ఎవరుంటారు? బస్సు ఉంటుంది, టిప్పర్ ఉంటుంది.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు ఒక్క సెకనులో 11 మీటర్లు దాటుతుంది. సైకిలాయన మెడ తిప్పి వెనక్కి చూసి, చెయ్యి చాపి, హ్యాండిల్ తిప్పడానికి రెండు సెకన్లు పడుతుంది అనుకోండి. బస్సు 22 మీటర్లు వచ్చేసింది. పైగా బస్సు డ్రైవర్ దృష్టిలో ఆ సైకిల్ ఇప్పటిదాకా ఎక్కడో పక్కన గీతకి అవతల ఉంది, తన దారిలోకి వస్తుందని ఆయన అనుకోడు. ఎందుకు అనుకుంటాడు? గీత ఉంది కదా, సైకిల్ గీత లోపలే ఉంటుంది కదా అనుకుంటాడు. ఇది గట్టిగా చెబుతున్నాను, వినండి. అసలు సైకిల్ లేన్ లేని రోడ్డు కన్నా, లేన్ ఉండి అందులో బండ్లు ఆగిన రోడ్డు ఎక్కువ ప్రమాదం. లేన్ లేని చోట సైకిలాయన మొదటినుంచీ ట్రాఫిక్‌లోనే, ఒకే వరసలో, వెనకవాళ్లకు కనిపిస్తూ వెళ్తాడు. లేన్ ఉన్నచోట లోపలికి పోతాడు, కారు అడ్డొస్తే బయటికొస్తాడు, మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి. బయటికొచ్చిన ప్రతిసారీ గండమే.

ఇంకొక మాట. కిలోమీటరు పొడవు లేన్ చెడగొట్టడానికి కిలోమీటరు పొడవునా కార్లు ఆగనక్కర్లేదు. ఒక్క కారు చాలు. 10 ఏళ్ల పిల్లని సైకిల్ మీద పంపాలా వద్దా అని అమ్మానాన్నలు ఆలోచించేది ఆ కిలోమీటరులో ఎంత భాగం ఖాళీగా ఉందని కాదు. ఆ ఒక్క చోట ఏమవుతుందని. అవునా కాదా అమ్మా? మీరు తల ఊపుతున్నారు. మీ పాపని పంపిస్తారా? పంపించరు. మీ తప్పు లేదు.

కేంద్ర రవాణా శాఖ ఏటా రోడ్డు ప్రమాదాల నివేదిక ఇస్తుంది. 2022లో దేశం మొత్తం మీద రోడ్ల మీద చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో సైకిల్ మీద వెళ్తూ చనిపోయినవాళ్లు 4,800 మందికి పైగా. వాళ్లందరూ ఆగిన కార్ల వల్లే చనిపోయారని నేను అనను, అలా అనకూడదు. వెనకనుంచి గుద్దినవి, కూడళ్లలో జరిగినవి, రాత్రి దీపాల్లేక జరిగినవి, అన్నీ ఉంటాయి. కానీ అంతమంది పోతున్నచోట, వాళ్లకోసమని ఇచ్చిన కొంచెం దారిని మనమే మూసేస్తున్నాం.

ఎవరు వాళ్లు? సైకిల్ అనగానే మనకి పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డు వైపు వెళ్లే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు గుర్తొస్తారు. వాళ్లమీద నాకు ఏ కోపమూ లేదు, వాళ్లు పోరాడబట్టే చాలా లేన్లు వచ్చాయి. వాళ్లకోసం 2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ కూడా తెరిచారు. పైన 16 మెగావాట్ల సోలార్ పలకలు, కింద సైకిళ్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. బాగుంది. అక్కడ కారు ఆపడానికే వీల్లేదు, ఎందుకంటే ఆ ట్రాక్ రోడ్డుతో కలిసి లేదు. కానీ మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఆ ట్రాక్ మీద డ్యూటీకి రాడు కదండీ. సెంట్రింగ్ పనికి వెళ్లే ఆయన రాడు. పొద్దున్నే పాలపాకెట్లు వేసే కుర్రాడు రాడు. వాళ్లు రావాల్సింది మామూలు రోడ్డు మీదే, టిఫిన్ సెంటర్ ముందునుంచే, బ్యాంకు ముందునుంచే.

2011 జనాభా లెక్కల్లో, దేశంలో నూటికి 45 ఇళ్లలో సైకిల్ ఉంది. బైకు, స్కూటర్ ఉన్న ఇళ్లు నూటికి 21. వ్యవసాయం కాకుండా ఇతర పనులకు వెళ్లేవాళ్లలో దాదాపు 13 శాతం సైకిల్ మీదే వెళ్లేవాళ్లు. ఇప్పుడు బైకులు పెరిగాయి నిజమే. కానీ సైకిల్ తొక్కేవాళ్లు లేరు, ఎవరికోసం ఈ లేన్ అనే మాట నేను ఒప్పుకోను. పొద్దున 5 గంటలకు, సాయంత్రం 7 తర్వాత ఈ రోడ్డు మీద నిలబడి చూడండి, ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా అని పథకం పెట్టి ప్రభుత్వ బడుల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. బీహార్‌లో 2006 నుంచే ఇచ్చారు. ఆ సైకిళ్లు ఇచ్చాక చాలామంది ఆడపిల్లలు హైస్కూల్ మానకుండా చదివారు. సైకిల్ ఇవ్వడం ప్రభుత్వం పని అనుకుందాం. ఆ పిల్ల పట్నంలో చుట్టాలింటికొచ్చి ఇక్కడే చదువుకుంటే, ఆ సైకిల్ ఏ దారిలో తొక్కాలి?

చట్టం ఏమంటోంది

ఇప్పుడు చట్టం దగ్గరికొద్దాం. చాలామంది అనుకుంటారు, సైకిల్ లేన్‌లో ఆపకూడదని మన దేశంలో చట్టమేమీ లేదు, అదంతా విదేశాల్లో అని. తప్పు. మన దగ్గర చట్టం ఉంది, స్పష్టంగా ఉంది.

1988 మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 122. దాని సారాంశం చెబుతాను. బహిరంగ స్థలంలో ఇతరులకు ప్రమాదం గానీ, అడ్డంకి గానీ, అనవసరమైన ఇబ్బంది గానీ కలిగేలా, లేదా కలిగే అవకాశం ఉండేలా, ఏ మోటారు వాహనాన్నీ నిలిపి ఉంచకూడదు. కలిగే అవకాశం ఉన్నా చాలు. ప్రమాదం జరగనక్కర్లేదు. ఇంకా గమనించండి, నిలిపి ఉంచకూడదు అంది. లోపల డ్రైవర్ కూర్చుని ఉన్నాడా, ఇంజన్ ఆన్‌లో ఉందా, నాలుగు ఇండికేటర్లూ వెలుగుతున్నాయా, ఇవేవీ మినహాయింపులు కావు. "నేను పార్క్ చెయ్యలేదండీ, ఊరికే ఆపాను" అంటారు చూశారా, ఆ మాట ఈ సెక్షన్ ముందు నిలబడదు. నాలుగు ఇండికేటర్లు వేస్తే ఎక్కడైనా ఆగొచ్చు అనే నమ్మకం మన ఊళ్లో ఎలా పుట్టిందో గానీ, దానికి ఏ ఆధారమూ లేదు.

రెండోది, 2017లో కేంద్రం తెచ్చిన డ్రైవింగ్ నిబంధనలు. అంతకుముందు 1989 నాటి రోడ్డు నియమాలు ఉండేవి. అందులోనే ఫుట్‌పాత్ మీద, సైకిల్ ట్రాక్ మీద మోటారు వాహనం నడపకూడదని రాశారు. 2017 నిబంధనల్లో పార్కింగ్ నిషేధించిన చోట్ల జాబితా ఇచ్చారు. అందులో ఫుట్‌పాత్, సైకిల్ ట్రాక్, పాదచారులు దాటే చోటు, మూడూ పేరు పెట్టి ఉన్నాయి. సైకిల్ ట్రాక్ అని పేరు పెట్టి ఉంది.

మూడోది సెక్షన్ 127. ఇది మనకి బాగా పనికొచ్చేది. పార్కింగ్ నిషేధం ఉన్నచోట బండి పెడితే, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి దాన్ని క్రేన్‌తో లాగించవచ్చు, లేదా బండి కదలకుండా చక్రానికి క్లాంప్ వేయించవచ్చు. బండి ఉన్న తీరు ప్రమాదకరంగా ఉంటే వెంటనే తీయించవచ్చు. లాగిన ఖర్చు యజమానిదే. ఇవి కాక, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 285 ఉంది. తన అధీనంలోని వస్తువుతో జనం నడిచే దారికి అడ్డం కలిగిస్తే 5,000 రూపాయల దాకా జరిమానా. పాత శిక్షాస్మృతిలో ఇదే తప్పుకి 200 రూపాయలుండేది.

మరి ఇన్ని ఉంటే ఎందుకు ఆగుతున్నాయి? దీనికి నేను ఉద్యోగంలో ఉండగా చాలాసార్లు విన్న జవాబు ఒకటుంది. "సార్, అది నోటిఫై కాలేదు." ఏమిటి దీని అర్థం? రంగు వేసింది రోడ్లు వేసే శాఖ. బండి తీయించాల్సింది పోలీసు శాఖ. రంగు వేసినవాళ్లు ఇది సైకిల్ ట్రాక్ అని ఉత్తర్వు ఇవ్వలేదు, నీలం గుండ్రటి బోర్డు మీద తెల్ల సైకిల్ బొమ్మ ఉంటుంది కదా, ఆ బోర్డు పెట్టలేదు. ఆ బోర్డు ఆజ్ఞ కిందికి వస్తుంది, అది పాటించడం సెక్షన్ 119 ప్రకారం డ్రైవర్ బాధ్యత. బోర్డు లేనప్పుడు కిందున్న కానిస్టేబుల్ ఏం చేస్తాడు? కారు యజమాని పెద్దమనిషి, గొంతు పెంచుతాడు, ఇక్కడ ఏ బోర్డు ఉంది చూపించు అంటాడు. కానిస్టేబుల్ వెళ్లిపోతాడు. నేను ఆయన్ని తప్పుపట్టను. ఆయన చేతిలో కాగితం పెట్టకుండా ఆయన్ని గొడవలోకి పంపుతున్నాం.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. బోర్డు లేకపోయినా సెక్షన్ 122 ఉంది. దానికి నోటిఫికేషన్ అక్కర్లేదు. అడ్డం ఉంటే చాలు. కానీ రోజూ, ఎవరూ వాదించకుండా పని జరగాలంటే బోర్డు కావాలి, ఉత్తర్వు కావాలి. రెండూ పెద్ద ఖర్చయ్యేవి కావు.

ఇక జరిమానా. 2019 సవరణ తర్వాత, సెక్షన్ 177 కింద, వేరే శిక్ష చెప్పని తప్పులకి మొదటిసారి 500 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 1,500 దాకా. అసలు చేతికందే చలానా ఎంతన్నది రాష్ట్రాలు ఖరారు చేసుకుంటాయి. ఇక్కడ ఒక బాధాకరమైన సంగతి చెప్పాలి. మన తెలంగాణలో 2022 మార్చిలో పెండింగ్ చలాన్ల మీద రాయితీ ఇచ్చారు. బైకులకు 75 శాతం, కార్లకు 50 శాతం మాఫీ. 2023 డిసెంబర్‌లో మళ్లీ ఇచ్చారు. ఈసారి బైకులకు 80 శాతం, కార్లకు 60 శాతం. పేదవాళ్ల బండ్ల మీద చలాన్లు పేరుకుపోయాయి, వాళ్లకి ఊరట కావాలి, అది నాకు అర్థమవుతుంది. కానీ మనుషుల మనసులో ఏం నాటుకుపోయింది? కట్టకుండా కూర్చుంటే తగ్గుతుంది అని. తప్పు చేసినవాడు ఎదురుచూస్తే లాభం, వెంటనే కట్టినవాడికి నష్టం. సైకిల్ లేన్‌లో కారు పెట్టేవాడు ఇప్పుడు ఈ లెక్క వేసుకుంటాడు. వేసుకోడా చెప్పండి.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. న్యూయార్క్‌లో బైక్ లేన్‌లో ఆపితే 115 డాలర్లు. వినడానికి పెద్ద మొత్తం. కానీ అదే నగరం, రోజూ చలాన్లు తినే డెలివరీ వ్యాపారాలతో ఒక ఏర్పాటు పెట్టుకుంది. మీరు చలాన్ల మీద వాదనకు దిగకండి, మేం తగ్గిస్తాం అని. దాంతో జరిమానా వాళ్ల ఖాతాల్లో డీజిల్ ఖర్చులాగా మామూలు ఖర్చయిపోయింది. జర్మనీ వేరే దారి పట్టింది. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్లని అడగండి. ముక్కలు ముక్కలుగా గీసిన గీత ఉండే సైకిల్ పట్టీల మీద మునుపు 3 నిమిషాల దాకా ఆగనిచ్చేవాళ్లు. 2020 ఏప్రిల్‌లో అదీ తీసేశారు, అసలు ఆగకూడదన్నారు. 2021 నవంబర్ నుంచి సైకిల్ దారిలో పార్క్ చేస్తే 55 యూరోలు. ఎవరికైనా అడ్డం పడితే 70 యూరోలు, దాంతోపాటు లైసెన్సు మీద ఒక పాయింటు. 8 పాయింట్లు అయితే లైసెన్సు పోతుంది. డబ్బున్నవాడికి 70 యూరోలు లెక్క కాకపోవచ్చు, పాయింటు మాత్రం లెక్కే. దాన్ని ఏ పండగ రాయితీతోనూ తగ్గించుకోలేడు.

చలానా ఒక్కటీ చాలదు

నా మనసులో ఉన్న అసలు మాట ఇప్పుడు చెబుతాను. పోలీసు 24 గంటలూ నిలబడలేడు. రాయి నిలబడుతుంది. కెర్బ్ రాయి, అంటే దారి అంచున ఎత్తుగా కట్టే రాయి.

నేను డిజైన్ చేసేవాణ్ని కాబట్టి ఇది నా వృత్తి అభిమానం అనుకోకండి. ఎక్కడ చూసినా ఇదే. కోపెన్‌హాగెన్‌లో సైకిల్ దారి రోడ్డు కన్నా ఒక మెట్టు ఎత్తులో, ఫుట్‌పాత్ కన్నా ఒక మెట్టు కిందికి ఉంటుంది. పార్కింగ్ ఉన్నచోట కార్లు రోడ్డువైపు ఆగుతాయి, సైకిళ్లు ఆ కార్లకీ ఫుట్‌పాత్‌కీ మధ్యన వెళ్తాయి. ఆగిన కారే సైకిల్‌కి గోడ అవుతుంది. ఇక్కడ మనం తలకిందులుగా గీస్తాం. ఫుట్‌పాత్ పక్కన పార్కింగ్, దానికి బయట సైకిల్ గీత, ఆ పక్కన బస్సులు. పార్క్ చేసే ప్రతి కారూ సైకిల్ లేన్ దాటే లోపలికి పోవాలి, తీసేటప్పుడు దాటే బయటికి రావాలి. గీత గీసిన రోజే దాన్ని పాడు చేశాం.

స్పెయిన్‌లో సెవిల్ అని ఎండలు మండే ఊరు, మన హైదరాబాద్ ఎండలకు తీసిపోదు. 2006 తర్వాత నాలుగైదేళ్లలోనే అక్కడ ఒక పూర్తి సైకిల్ దారుల వల వేశారు, మొదటి విడతే 80 కిలోమీటర్లు. స్థలం ఎక్కడిది? దాదాపు 5,000 కార్ల పార్కింగ్ చోట్లు తీసేశారు. తీసి, మెట్టు ఎత్తు చేసి, మధ్యన అడ్డు పెట్టి, ఊరంతా ఒకదానితో ఒకటి కలిసేలా వేశారు. అంతకుముందు నూటికి ఒకరు కూడా సైకిల్ ఎక్కనిచోట కొద్ది ఏళ్లలో నూటికి ఆరేడుగురయ్యారు. ఎండ ఎక్కువ, మన దగ్గర ఎవరు తొక్కుతారండీ అనేవాళ్లకి నేను ఈ ఊరు పేరు చెబుతాను.

లిథువేనియా రాజధాని విల్నియస్‌లో 2011లో మేయర్ అర్టూరస్ జువోకస్ సైకిల్ దారిలో పెట్టిన ఖరీదైన కారు మీదికి సైనిక కవచ వాహనం ఎక్కించి నుజ్జు చేసిన వీడియో మీలో కొందరు చూసే ఉంటారు. చప్పట్లు కొట్టేవాళ్లు కొట్టారు. నాకది నచ్చలేదు. కారు నుజ్జు చెయ్యడం వల్ల మర్నాడు పొద్దున్న ఆ లేన్ ఖాళీగా ఉండదు. ఒక మామూలు క్రేను, రోజూ, ఒకే టైముకి, పేరూ హోదా చూడకుండా వస్తే ఖాళీగా ఉంటుంది. మన హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 2022 అక్టోబర్‌లో ఆపరేషన్ రోప్ మొదలుపెట్టారు, అడ్డంగా పెట్టిన బండ్లనీ ఆక్రమణలనీ తీసేయడానికి. మొదటి రోజుల్లో క్రేన్లు తిరిగినచోట తేడా కంటికి కనిపించింది. అదే పని సైకిల్ లేన్లలో విడవకుండా చెయ్యమని అడుగుతున్నాం, కొత్తగా ఏదో కనిపెట్టమనడం లేదు.

మన దేశంలోనూ ప్రయత్నాలు జరిగాయి. కోవిడ్ ఏడాది 2020లో కేంద్రం సైకిల్స్ ఫర్ చేంజ్ అని నగరాల మధ్య పోటీ పెట్టింది. మన వరంగల్ కూడా గెలిచిన 11 నగరాల్లో ఉంది. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద అదే ఏడాది బొలార్డులు, అంటే బండ్లు దూరకుండా ఆపే పొట్టి స్తంభాలు, పాతి పాప్-అప్ లేన్, అంటే తాత్కాలిక లేన్, వేశారు. బైకులు దూరాయి, బొలార్డులు విరిగాయి, విరిగినవి మళ్లీ పెట్టడం ఆలస్యమైంది. అదే ఊళ్లో జయనగర్‌లో అంతకు చాలా ఏళ్ల ముందే సైకిల్ లేన్లు వేస్తే అవి చూస్తుండగానే పార్కింగ్ అయిపోయాయి. మన దగ్గర నెక్లెస్ రోడ్డు, గచ్చిబౌలి, హైటెక్ సిటీ వైపు వేసినవాటిలో రంగు వెలిసిపోయినవి మీరే చూశారు. ప్లాస్టిక్ బొలార్డు తాత్కాలికం. ఆరు నెలలు పరీక్షించి, పనిచేస్తే రాయి కట్టాలి. పరీక్ష దగ్గరే ఆగిపోతున్నాం, అక్కడే పోతోంది. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సైకిల్ ట్రాక్ ఎలా వెయ్యాలో ప్రమాణం రాసిపెట్టింది. 60 ఏళ్లు దాటింది.

బైకుల సంగతి దాచను. బొలార్డుకీ బొలార్డుకీ 1.5 మీటర్ల దూరం పెడితే కారు రాదు, సైకిల్ వస్తుంది, వీల్‌చైర్ వస్తుంది. కానీ బైకూ వస్తుంది. సైకిల్‌ని రానిచ్చి బైకుని ఆపే ఇనుప ఏర్పాటు నాకు తెలిసి ఏదీ బాగా పనిచెయ్యలేదు. ట్రై సైకిల్ మీద వచ్చే దివ్యాంగులకే అడ్డమవుతుంది అది. బైకులకి పోలీసులే ఉండాలి, కెమెరాలు ఉండాలి. ఇందులో సులువైన దారి లేదు.

ఇక మీ ప్రశ్నలు. అడగకముందే నాకు తెలుసు. "ఐదు నిమిషాలే కదా." ఒక్కొక్కరిదీ ఐదు నిమిషాలేనండీ. టిఫిన్ సెంటర్ ముందు గంటలో 12 మంది ఒకరి తర్వాత ఒకరు ఐదేసి నిమిషాలు ఆపితే గంటంతా లేన్ మూసినట్టే. ఏ ఒక్కరూ పెద్ద తప్పు చేసినట్టు కనిపించరు, సైకిలాయనకి మాత్రం దారి లేదు.

"గిరాకీ పోతుంది" అని షాపు వాళ్లు. ఇక్కడ మెడికల్ షాపు అన్న ఉన్నారు, నాకు తెలుసు. అన్నా, మీ భయం నిజమైనదే, తీసిపారేయను. అందుకే మేం అడిగేదాంట్లో పక్క వీధి మొదట్లో పది నిమిషాలు ఆపుకునే చోట్లు కూడా ఉన్నాయి. సరుకు దించే వ్యాన్లకీ, ఆటోలకీ, మందులకోసం వచ్చేవాళ్లకీ. మీ షాపు నుంచి అక్కడికి నలభై అడుగులు కూడా ఉండదు. డెలివరీ పిల్లల సంగతి కూడా ఇందులోనే చూడాలి. వాళ్ల మీద చలానా వేస్తే ఆ రోజు కూలి పోతుంది. పది నిమిషాల్లో చేర్చాలని వాళ్లమీద ఒత్తిడి పెట్టేది కంపెనీలు, ఆపుకోవడానికి చోటు చూపించనిది మనం. చోటు చూపించాక అప్పుడు చలానా వేద్దాం.

"మరి నా కారు ఎక్కడ పెట్టుకోవాలి?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. బాబూ, సూటిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. కారు కొన్నాక దాన్ని పెట్టుకునే చోటు చూసుకోవాల్సింది కొన్నవాళ్లే. సెల్లార్‌లో పార్కింగ్ కోసం అనుమతి తీసుకుని ఆ తర్వాత దాన్ని గోడౌన్‌గా అద్దెకిచ్చిన బిల్డింగులు ఈ రోడ్డు మీదే ఉన్నాయి. పేర్లు చెప్పను. ఆ సెల్లార్లు మళ్లీ పార్కింగ్‌కి తెరిపించమని కూడా మనం అడగొచ్చు, అడగాలి. సెల్లార్‌లో అట్టపెట్టెలు పెట్టి, కారు తీసుకొచ్చి సైకిల్ లేన్‌లో పెట్టి, వాచ్‌మన్‌ని బస్సు ముందుకి పంపడం, ఇది నాకు సహించదు.

ఇప్పుడు కాగితం సంగతి. సంఘం తరఫున ఒక వినతిపత్రం రాశాం. అందులో ఏముందో చదువుతాను. మన మెయిన్ రోడ్డు మీదున్న లేన్‌ని సైకిల్ ట్రాక్‌గా నోటిఫై చెయ్యాలి, కూడలి కూడలికీ నీలం బోర్డు, నో స్టాపింగ్ బోర్డు పెట్టాలి. టిఫిన్ సెంటర్ నుంచి బ్యాంకు దాకా ఉన్న ముక్కలో, అక్కడే ఎక్కువ ఆగుతాయి కాబట్టి, ముందు బొలార్డులు పెట్టి, తర్వాత కెర్బ్ కట్టాలి. పొద్దున 7 నుంచి 10, సాయంత్రం 5 నుంచి 9 దాకా క్రేన్ రావాలి. పక్క వీధుల్లో పది నిమిషాల ఆపుచోట్లు గుర్తించాలి. సెల్లార్లు తనిఖీ చెయ్యాలి. ఫొటో తీసి పోలీసులకు పంపేవాళ్లు పంపండి, నంబర్ ప్లేట్, టైము, చోటు కనిపించేలా. కానీ ఎవరితోనూ రోడ్డు మీద గొడవ పెట్టుకోకండి, ముఖ్యంగా కుర్రాళ్లు.

ఆ పత్రం అక్కడ బల్ల మీద ఉంది, రెండు ప్రతులు. సంతకం పెట్టేముందు పూర్తిగా చదవండి. మెడికల్ షాపు అన్నా, ఆపుచోటు ఎక్కడ ఉండాలన్నది మీరే పెన్నుతో గుర్తు పెట్టండి, రోజూ అక్కడ ఉండేది మీరు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరి ఇంట్లోనైనా వాచ్‌మన్, పనమ్మాయి సైకిల్ మీద వస్తుంటే ఒక ప్రతి తీసుకెళ్లి వాళ్లకి చదివి వినిపించండి, ఏ చోట భయమేస్తుందో అడిగి రాసుకురండి. బుధవారం నలుగురం ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాం. ఐదో మనిషిగా వాళ్లలో ఒకరు రావాలని నా కోరిక. డ్యూటీ మార్చుకోవడానికి వాళ్ల బిల్డింగ్ వాళ్లు ఒప్పుకోవాలి, ఆ మాట ఇక్కడున్న ప్రెసిడెంట్లు ఇప్పుడే చెబితే బాగుంటుంది.